యాభై నాలుగేండ్లు ఎదురుచూచిన అక్షరాలు

వివాహ శుభలేఖ ఇంటికి వచ్చినప్పుడు మనం మొదట చూచేది వధూవరుల పేర్లు. ఇంగ్లీషులో వేయించిన కార్డయితే ఆ పేర్లు మధ్యలో కాస్త ఏటవాలుగా, తీగలు సాగినట్టు, ఒక అక్షరం చెయ్యి చాచి పక్క అక్షరాన్ని పట్టుకొన్నట్టు అచ్చయి ఉంటాయి. సండేస్కూలు పరీక్షలో బహుమతి పొందిన బిడ్డకు ఇచ్చే సర్టిఫికెట్టు మీద, గోడకు తగిలించుకొనే వాక్యపు కార్డు మీద, క్రిస్మస్ గ్రీటింగు మీద కూడా ఇటువంటి అక్షరాలే కనబడతాయి. ఎవరో ఓపికగల మనిషి కూర్చుండి, పాళీని సిరాలో ముంచి, ఊపిరి బిగబట్టి వ్రాసినట్టు తోస్తుంది. నిజానికి అది కంప్యూటరు పని. ప్రెస్సులోని కుర్రవాడు మీట నొక్కితే వచ్చిన అక్షరం.

అయితే ఆ మీట వెనుక ఒక మనిషి చెయ్యి ఉంది. ఆ చేతి వెనుక ఒక జీవితం ఉంది. అలంకారపు అక్షరాలలో పేరు పొందిన వాటిలో ఒకదానికి జాఫీనో అని పేరు. జర్మనీ దేశస్థుడైన హెర్మన్ జాఫ్ దానికి రూపం ఇచ్చారు. ఆ రూపం ఆయన నోటుపుస్తకంలో పుట్టింది 1944లో. లోకం చేతికి అందింది 1998లో. ఒక అక్షరమాల వెలుగు చూడడానికి యాభై నాలుగేండ్లు ఎందుకు పట్టింది? ఆ సంగతి తెలిసికొంటే మన ఇంటికి వచ్చే శుభలేఖను మనం మరొక కంటితో చూస్తాము.

చేతివ్రాత అచ్చులోకి వచ్చిన విధం

మొదట కొంత వెనుకకు పోవాలి. పదిహేనవ శతాబ్దంలో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో నికోలో నికోలి అనే పండితుడు ఉండేవాడు. ప్రాచీన గ్రంథాలకు తన చేతితో నకళ్లు వ్రాసుకొనేవాడు. ముద్రణ ఇంకా రాని కాలం గనుక పుస్తకం కావాలంటే వ్రాసుకోవలసిందే. చెయ్యి వేగంగా సాగడానికి అక్షరాలను కాస్త కుడివైపుకు వాల్చి, ఒకదానితో ఒకటి కలిపి వ్రాశాడు. ఏటవాలు వ్రాతకు నాంది పలికినవారిలో ఆయనను ముఖ్యునిగా చెబుతారు.

ఆ వ్రాత రోములోని పోపుగారి కార్యాలయపు లేఖకుల చేతిలో మరింత నునుపు తేలింది. ఆ లేఖకులలో లుదోవికో అర్రిగి అనే ఆయన ఈ వ్రాతను సామాన్యులకు నేర్పడానికి ఒక చిన్న పుస్తకం తయారుచేశాడు. దాని పేరు లా ఒపెరీనా. దాని మీద ఉన్న సంవత్సరం 1522. అక్షరాలన్నిటినీ చెక్క దిమ్మెల మీద చెక్కించి అచ్చువేశారు. పాళీ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి, ఎక్కడ ఎత్తాలి అని ఓపికగా చెప్పిన పుస్తకం అది. 1527లో శత్రుసేనలు రోము నగరాన్ని కొల్లగొట్టిన తరువాత అర్రిగి జాడ తెలియలేదు. మనిషి కనుమరుగైనా ఆయన వ్రాత నిలిచింది.

అంతకుముందే, 1501లో, వెనిసు నగరంలో ఆల్డస్ మనూటియస్ అనే ముద్రాపకుడు ఏటవాలు అక్షరాలను సీసంలో పోతపోయించి చిన్న సైజు పుస్తకాలు అచ్చువేశాడు. ఆ అక్షరాలను చెక్కినవాడు ఫ్రాన్చెస్కో గ్రిఫో. ఇంగ్లీషు పుస్తకాలలో మనం చూచే ఇటాలిక్ అక్షరాలు ఈ వంశానివే. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు ప్రతులలో కొన్ని మాటలు ఏటవాలుగా అచ్చయి ఉండడం మీరు గమనించే ఉంటారు. మూలభాషలో ఆ మాట లేకపోయినా అర్థం పూర్తి కావడం కోసం అనువాదకులు చేర్చిన మాటలు అవి. అక్షరపు వాలు కూడా పాఠకునికి ఒక సంగతి చెప్పగలదన్నమాట.

మన దేశంలో సర్టిఫికెట్ల మీద తరచుగా కనబడే మోనోటైప్ కోర్సివా అనే అక్షరం కూడా అర్రిగి కాలపు ఆ ఇటలీ వ్రాతను అనుసరించి చేసినదే. ఆఫీసు కంప్యూటర్లతోపాటు అది ఊరూరికీ చేరింది. అయిదు వందల ఏండ్లనాటి రోము లేఖకుని చేతివ్రాత మన పిల్లవాని బహుమతి పత్రం మీదికి వచ్చి కూర్చుంది. పత్రం అందుకొన్న బిడ్డకు ఆ సంగతి తెలియదు, ఇచ్చిన పెద్దలకూ తెలియదు.

టెలిఫోను పుస్తకంలో చివరి పేరు

హెర్మన్ జాఫ్ 1918 నవంబరు 8న జర్మనీలోని న్యూరెంబర్గు నగరంలో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజులవి. ఒక పక్క విషజ్వరం, మరో పక్క ఆకలి. తండ్రి కార్మిక సంఘంలో పనిచేసేవాడు. బాలుడైన జాఫ్‌కు చిన్ననాటి నుండి యంత్రాలంటే ఇష్టం. రేడియోలు విప్పి చూచేవాడు, అలారాలు తయారుచేసేవాడు. ఎలక్ట్రికల్ ఇంజినీరు కావాలన్నది అతని కోరిక.

1933లో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. కార్మిక సంఘాలను అణచివేశారు. జాఫ్ తండ్రి ఉద్యోగం పోయింది. ఆయనను కొంతకాలం డాకౌ నిర్బంధ శిబిరంలో ఉంచారు. అట్టి తండ్రి కొడుకు గనుక ఇంజినీరింగు చదువుకు ఆ బాలునికి తలుపు మూసుకుపోయింది. బొమ్మలు బాగా వేస్తాడని చూచి, లితోగ్రాఫరు పని నేర్చుకొమ్మని ఉపాధ్యాయులు సలహా ఇచ్చారు. పని నేర్పే కంపెనీల చుట్టూ తిరిగాడు. గీసిన బొమ్మలు చూచి మెచ్చుకొనేవారు. పిమ్మట రాజకీయపు ప్రశ్నలు అడిగేవారు. పిమ్మట లేదని చెప్పేవారు. ఈలాగు పది నెలలు గడిచాయి.

ఊరి టెలిఫోను పుస్తకంలో చివరిగా ఉన్న కంపెనీ ఒకటి మిగిలింది. అక్కడ రాజకీయపు ప్రశ్నలు ఎవరూ అడగలేదు. లితోగ్రఫీ పని తమ వద్ద లేదు గాని ఫోటోలను సరిదిద్దే పని నేర్పుతామని చెప్పారు. 1934లో ఆ పనిలో చేరాడు. నాలుగేండ్లు సన్నని కుంచెతో ఫోటోల మీద పనిచేయడం వలన అతని కంటికీ చేతికీ గొప్ప సాధన కలిగింది. కోరుకొన్న తలుపు మూసుకుపోయింది గాని, దొరికిన పనిలో అతడు చేతిని సిద్ధపరచుకొన్నాడు.

1935లో న్యూరెంబర్గులో ఒక ప్రదర్శన జరిగింది. అంతకుముందు సంవత్సరం మరణించిన రుడాల్ఫ్ కోఖ్ అనే లేఖన కళాకారుని జ్ఞాపకార్థం పెట్టిన ప్రదర్శన అది. అందమైన వ్రాత ఒక మనిషికి జీవితమంతా సరిపోయే పని కాగలదని జాఫ్ అక్కడ మొదటిసారి చూచాడు. కోఖ్ వ్రాసిన పుస్తకం ఒకటి, ఇంగ్లండు దేశపు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ వ్రాసిన పుస్తకం ఒకటి కొనుక్కొని, వెడల్పు పాళీతో ఇంటి వద్ద సాయంకాలాలు సాధన చేశాడు. నేర్పేవారు ఎవరూ లేరు. పుస్తకమే గురువు. ఇరవై ఏండ్ల వయసుకే ఒక అచ్చు అక్షరానికి రూపకల్పన మొదలుపెట్టగలిగాడు.

యుద్ధకాలపు నోటుపుస్తకం

రెండవ ప్రపంచ యుద్ధం ఆ యువకుణ్ణి కూడా లాగుకొనిపోయింది. సరిహద్దు కోటల పనిలో మట్టి మోయించారు. కొద్ది వారాలలో గుండె జబ్బు బయటపడింది. అక్కడినుండి బల్ల దగ్గరి పనికి మార్చి శిబిరపు రికార్డులు వ్రాయించారు. తరువాత ఫిరంగి దళంలో వేశారు. ఆ శిక్షణలో ఆయన కుడి ఎడమలు తారుమారు చేసేవారట, తుపాకి పట్టడం చేతకాలేదట. అధికారులు విసిగి ఆయనను పటాలు గీసే శాఖకు పంపించారు. ఫ్రాన్సులోని బోర్డో వద్ద స్పెయిన్ దేశపు పటాలు గీయడం ఆయన పని అయ్యింది. ఆయన కన్ను ఎంత సూక్ష్మమైనదంటే, భూతద్దం లేకుండా ఒక మిల్లీమీటరు ఎత్తు గల అక్షరాలు వ్రాయగలిగేవారు.

ఆ రోజులలోనే జేబులో పట్టే నోటుపుస్తకాలలో తీరిక దొరికినప్పుడల్లా అక్షరాలు వ్రాసుకొనేవారు. 1944లో ఒక పుటలో పాళీకి పూర్తి స్వేచ్ఛ ఇచ్చి వ్రాశారు. పైకి ఎగసి వంగే గీతలు, కిందికి జారి చుట్టుకొనే తోకలు, ఒక వరుసలో ఒక రకంగా, మరో వరుసలో మరో రకంగా ఉన్న అక్షరాలు. జాఫీనోకు మూలం ఆ పుటే.

యుద్ధం ముగిసేటప్పుడు ఫ్రెంచివారికి ఖైదీగా చిక్కి, టూబింగెన్‌లోని సైనిక ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన వ్రాత చూచిన ఫ్రెంచివారు ఆయన పాళీలను, సిరాను లాగుకొనలేదు, గౌరవంగా చూచారు. నాలుగు వారాలలో ఇంటికి పంపించారు. 1947లో ఫ్రాంక్‌ఫర్టులోని స్టెంపెల్ అనే అచ్చు అక్షరాల కంపెనీలో కళా విభాగానికి అధిపతిగా చేరినప్పుడు వారు డిగ్రీలు అడగలేదు, సిఫారసు ఉత్తరాలు అడగలేదు. ఆ యుద్ధకాలపు నోటుపుస్తకాలు చూచి పని ఇచ్చారు.

సీసపు దిమ్మెల ఇరుకు

చేతిలో ఉద్యోగం ఉంది, పుస్తకంలో అక్షరం ఉంది. అయితే వెంటనే ఎందుకు అచ్చుకు ఎక్కించలేదు?

దీనికి సమాధానం లోహంలో ఉంది. పాత ప్రెస్సు చూచినవారికి తెలుస్తుంది, ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క సీసపు దిమ్మె మీద పోతపోసి ఉంటుంది. దిమ్మె నలుచదరం. దాని గోడ దాటి అక్షరపు తోక ఎక్కువ దూరం సాగడానికి వీలు లేదు. సాగదీస్తే ఆ తోక కింద ఆధారం ఉండదు, పక్క దిమ్మె తగిలి విరిగిపోతుంది. నిలువుగా నిలిచే అక్షరాలకు ఈ చిక్కు లేదు. వాలి, సాగి, కలిసే చేతివ్రాతకు అడుగడుగునా ఇదే చిక్కు.

వెనుకటివారు అనేక ఉపాయాలు చేశారు. 1557లో రాబర్ట్ గ్రాన్‌జాన్ అనే ఫ్రెంచి శిల్పి తన దేశపు చేతివ్రాతను అచ్చు అక్షరంగా చెక్కాడు. పిల్లలకు మర్యాదలు నేర్పే పుస్తకాలు దానిలో అచ్చయినందువలన ఆ అక్షరానికి సివిలితే, అనగా మర్యాద, అనే పేరు స్థిరపడింది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఫిర్మిన్ దిదో అనే మరొక ఫ్రెంచివాడు దిమ్మెలనే ఏటవాలుగా పోయించాడు. అయినా ప్రతి ‘ఇ’ అక్షరమూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేది. చేతితో వ్రాసేవాడు ఒక పేరును రెండుసార్లు వ్రాస్తే రెండూ ఒకేలా ఉండవు. చేతివ్రాతకు జీవం ఇచ్చేది ఆ చిన్న తేడాయే.

జాఫ్ కూడా 1950 దశకపు ఆరంభంలో వర్చువోజా అనే అలంకార లిపిని సీసంలో తెచ్చారు. అందమైనదే. అయినా దిమ్మె కొలతకు లోబడి ప్రతి తోకనూ కత్తిరించవలసి వచ్చింది. నోటుపుస్తకంలోని పుట అలాగే ఉండిపోయింది.

ఆయన ఆ నిరాశతో చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పలాటినో, ఆప్టిమా అనే ప్రసిద్ధ అక్షరాలు ఆయనవే. అమెరికాలో వియత్నాం యుద్ధ స్మారకపు నల్లరాతి గోడ మీద చెక్కిన అమరవీరుల పేర్లన్నీ ఆప్టిమా అక్షరాలలోనే ఉన్నాయి. 1960లో ఐక్యరాజ్య సమితి అధికార పత్రపు పీఠికను తన చేతితో వ్రాసి ఇచ్చారు. గ్రీటింగు కార్డులు వేసే హాల్‌మార్క్ కంపెనీకి సలహాదారుగా కూడా పనిచేశారు. 1979లో వచ్చిన జాఫ్ ఛాన్సరీ అనే ఏటవాలు అక్షరం తొలి లేజరు ప్రింటర్లలో ముందే అమర్చి వచ్చేది.

తలపు నెరవేరిన విధం

లోహం పోయి కంప్యూటరు వచ్చింది. కంప్యూటరుకు దిమ్మె గోడ లేదు. అక్షరపు తోక ఎంత దూరం సాగినా విరగదు. 1960 దశకంలోనే జాఫ్ ఈ సంగతి గ్రహించి, అక్షరాలను కంప్యూటరులో కూర్చడం గురించి మాట్లాడారు. స్వదేశంలో ఎక్కువమంది పట్టించుకొనలేదు. 1977 నుండి పదేండ్లు అమెరికాలోని రోచెస్టరు సాంకేతిక విద్యాసంస్థలో ఈ విషయమే బోధించారు. ఇంజినీరు కావాలని కోరి కాలేకపోయిన బాలుడు ఆఖరికి కంప్యూటరు అక్షరాల ఆచార్యుడయ్యాడు.

1993లో డేవిడ్ సీగెల్ అనే అమెరికా యువకుడు ఆయనకు ఉత్తరం వ్రాశాడు. ఒకే అక్షరానికి అనేక రూపాలు ఉంచి, వాటిని కంప్యూటరు మార్చి మార్చి వాడేటట్టు చేస్తే అచ్చు అక్షరం చేతివ్రాతవలె కనబడుతుంది కదా అన్నది అతని ఆలోచన. జాఫ్‌కు 1944నాటి పుట జ్ఞాపకం వచ్చింది. పని మొదలుపెట్టారు. చాలా దూరం వచ్చిన తరువాత సీగెల్ వ్యక్తిగత జీవితంలో దుఃఖం కలిగి, ఆ పనినుండి తప్పుకొన్నాడు. పని మళ్లీ ఆగిపోయింది. అప్పటికి జాఫ్‌కు డెబ్బై అయిదేండ్లు దాటాయి. ఆ వయసులో ఎవరైనా కాగితాలు మడిచి పెట్టెలో పెట్టేస్తారు. ఆయన ఆ కాగితాలు పట్టుకొని లినోటైప్ కంపెనీ వద్దకు వెళ్లారు. వారు ఒప్పుకొన్నారు. 1998లో, ఆయనకు ఎనభై ఏండ్లు నిండిన సంవత్సరంలో, జాఫీనో విడుదలైంది.

నాలుగు అక్షరమాలలు, వాటికి తోడు జంట అక్షరాలు, అలంకారపు గుర్తులు అందులో ఉన్నాయి. 2003లో జపాను దేశస్థుడైన అకిరా కొబయాషితో కలిసి దానిని మరింత విస్తరించారు. ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్లలో దానిని చేర్చింది. ఆ కంప్యూటరులో జాఫీనో అనే పేరునే ఇంగ్లీషులో టైపు చేస్తే, ఏడు అక్షరాలు కలిసి ఒకే చిత్రంగా మారిపోతాయి. కళాకారుడు తన పనికి చేసిన సంతకం వంటిది అది.

ఆపిల్ సంగతి వచ్చింది గనుక మరొక మాట. ఆ కంపెనీ స్థాపకులలో ఒకరైన స్టీవ్ జాబ్స్ తాను అక్షరాల అందం నేర్చుకొన్నది రీడ్ కాలేజీలోని లేఖన తరగతిలో అని 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చెప్పారు. ఆ తరగతి చెప్పిన రాబర్ట్ పాలదీనో మౌనవ్రతం పాటించే ట్రాపిస్టు మఠంలో చాలా ఏండ్లు సన్యాసిగా ఉండి వచ్చినవాడు, తరువాత కాలంలో కతోలిక గురువుగా సేవచేసినవాడు. మఠంలో పాళీతో నేర్చిన విద్య ఈ విధంగా ప్రతి ఇంటి కంప్యూటరుకూ చేరింది.

ఒకే ఇంటిలో ఇద్దరు

కుటుంబ పాఠకులు ఆసక్తిగా చదివే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. జాఫ్ భార్య గూడ్రున్ కూడా పేరు పొందిన లేఖన కళాకారిణి. ఆమె పుస్తకాలకు బైండింగు చేసే విద్య నేర్చి, ఫ్రాంక్‌ఫర్టులో అక్షర లేఖనం బోధించేవారు. 1951లో వారి వివాహం జరిగింది. ఆమె రూపొందించిన డియోటిమా అనే అక్షరం నేటికీ వాడుకలో ఉంది. ఒకే వృత్తిలో ఉన్న ఆలుమగలు ఒకరికొకరు పోటీ కాకుండా అరవై ఏండ్లకు పైగా కలిసి జీవించారు. హెర్మన్ జాఫ్ 2015 జూన్ 4న తొంభై ఆరవ ఏట మరణించారు. గూడ్రున్ 2019 డిసెంబరులో నూట ఒకటవ ఏట కన్నుమూశారు.

మన తెలుగు అక్షరం సంగతి

జాఫీనో ఇంగ్లీషు అక్షరమాలకు చెందినది. దానితో తెలుగు వ్రాయలేము. అయినా మన అక్షరానికి దానికి ఒక చుట్టరికం ఉంది.

జాఫీనోలో కంప్యూటరు పక్క అక్షరాన్ని చూచి ఈ అక్షరపు రూపం మారుస్తుంది. తెలుగులో మనం చిన్ననాటి నుండి చేస్తున్నది అదే కదా! ‘స’ పక్కన ‘త’, దాని పక్కన ‘ర’, దానికి గుడి దీర్ఘం చేరితే ‘స్త్రీ’ అవుతుంది. నాలుగు గుర్తులు కలిసి ఒకే రూపం. పాత ప్రెస్సులో ఈ ఒత్తులన్నిటికీ వేరు వేరు దిమ్మెలు కావాలి గనుక తెలుగు కంపోజిటరు వందలాది గళ్ల ముందు నిలబడి పనిచేసేవాడు. నేడు కంప్యూటరులోను, సెల్‌ఫోనులోను ఒత్తులు వాటంతట అవే కుదురుకొంటున్నాయి. ఒక అక్షరపు రూపాన్ని పొరుగు అక్షరాన్ని బట్టి మార్చే ఓపెన్‌టైప్ అనే పద్ధతి ఈ పని చేస్తుంది. 2003నాటి జాఫీనో తన తోకలను మార్చుకొనేది కూడా ఆ పద్ధతితోనే. వారికి అది అలంకారం, మనకు అది అవసరం.

చేతివ్రాత అందాన్ని అచ్చులోకి తెచ్చిన ఘనత మన భాషకూ ఉంది. చిత్రకారుడు బాపు చేతివ్రాతను తెలుగువారు చూడగానే గుర్తుపడతారు. పుస్తకాల అట్టల మీద, సినిమా పేర్లలో, పెండ్లి పత్రికల మీద అది కనబడేది. పిమ్మట ఆ వ్రాతను అనుసరించి కంప్యూటరు అక్షరాలు కూడా వచ్చాయి. బాపు 2014లో మరణించారు. ఆయన ఒంపు మాత్రం నేటికీ మన శుభలేఖల మీద నిలిచి ఉంది.

శుభలేఖ వేయించేవారికి కొన్ని మాటలు

ఇంత శ్రమతో పుట్టిన అక్షరాన్ని మనం ఎలా వాడుతున్నాము? కార్డంతా అలంకారపు అక్షరాలతో నింపివేసి, ముఖ్యమైన సంగతి ఎవరికీ చదవరాకుండా చేసే కార్డులు తరచుగా వస్తున్నాయి. వరుని ఇంటిపేరు ఏమిటో తెలియదు. ఆరాధన పదిన్నరకా, పదకొండున్నరకా? తాతయ్య కళ్లజోడు మార్చి చూచినా తేలదు. గనుక ఈ క్రింది సంగతులు గుర్తుంచుకోవడం మంచిది.

మొదటిది, ఇటువంటి అక్షరాలను పేర్లకు, ఒక చిన్న శీర్షికకు మాత్రమే వాడండి. తేదీ, సమయం, ఆలయం పేరు, చిరునామా, ఫోను నంబరు నిలువుగా ఉండే సాదా అక్షరాలలోనే వేయించండి. నగ మెడలో ఉంటేనే అందం, ఒళ్లంతా వేలాడదీస్తే కాదు.

రెండవది, పేరంతా కాపిటల్ అక్షరాలలో వేయించకండి. ఈ లిపులలోని కాపిటల్ అక్షరం పేరుకు ముందు ఒక్కటిగా నిలిచి, వెనుక వచ్చే చిన్న అక్షరాలను నడిపించడానికి చేసినది. అటువంటివి పది ఒక వరుసలో నిలబెడితే ఒకదాని తోక మరొకదాని కాలికి చుట్టుకొంటుంది. చదవడం కష్టమవుతుంది.

మూడవది, అక్షరాల మధ్య ఎడం పెంచమని చెప్పకండి. కలిసి నడిచేటట్టు గీసిన అక్షరాలను విడదీస్తే గీతలు మధ్యలో తెగిపోయి కనబడతాయి. వరుసల మధ్య మాత్రం ఎక్కువ ఖాళీ ఉంచండి. జాఫీనో వంటి లిపికి పైకీ కిందికీ పొడవైన గీతలు ఉంటాయి గనుక వరుసలు దగ్గరైతే పై వరుస తోక కింది వరుస తలకు తగులుతుంది.

నాలుగవది, ఇంటిపేరు పొడి అక్షరాలను జాగ్రత్తగా చూడండి. మనవారి పేర్లలో పొడి అక్షరాలు ఎక్కువ. అలంకార లిపిలో ‘ఐ’కి ‘జె’కి, ‘టి’కి ‘ఎఫ్’కి తేడా తెలియకపోవడం కద్దు. అవసరమైతే కార్డు కింది భాగంలో తలిదండ్రుల పేర్లతోపాటు సాదా అక్షరాలలో పూర్తి పేరు మరొకసారి ఇవ్వండి.

అయిదవది, సన్నని గీతలు బంగారు రేకు అచ్చులో గాని, ముదురు రంగు కాగితం మీద గాని సరిగా రాకపోవచ్చు. కంప్యూటరు తెర మీద చూచి సరే అనకుండా, అసలు సైజులో ఒక ప్రతి తీయించి, ఇంట్లో అందరికంటె పెద్దవారి చేతికి ఇచ్చి చదివించండి. వారు తడుముకోకుండా చదివితే కార్డు సిద్ధమైనట్టే.

ఆరవది ప్రెస్సువారికి, సంఘ పత్రికలు వేసేవారికి. ఈ అక్షరాలు ఒకరి కష్టార్జితం. కొన్నిటిని ఉచితంగా వాడుకోవచ్చు, కొన్నిటిని కొని వాడాలి. ఏది ఎట్టిదో తెలిసికొని వాడడం న్యాయం.

చేతివ్రాతను విడువకండి

అలంకారపు లిపిని కంప్యూటరు ఇస్తున్నది గదా, ఇక చేతితో వ్రాయడం ఎందుకు అని పిల్లలు అడుగుతారు. నాలుగు గీతల కాపీ పుస్తకం వారికి శిక్షవలె తోస్తుంది. వారికి జాఫ్ కథ చెప్పండి. కంప్యూటరు ఇచ్చే అక్షరం కూడా ఎవరో ఒకరి చేతినుండే పుట్టింది. యుద్ధపు రోజులలో ఆ అక్షరాలు వ్రాసిన చెయ్యి లేకపోతే ఆ యంత్రం దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. పది నెలలు తిరిగి ఎవరూ పని ఇవ్వకపోయినా, ఇచ్చిన పని కోరుకొన్నది కాకపోయినా, మెచ్చినవారు మధ్యలో విడిచిపోయినా, ఆయన మంచి అక్షరాన్ని పారవేయలేదు. దాన్ని మోయగల సాధనం వచ్చేవరకు దాచి ఉంచారు.

పెద్దలకు కూడా ఒక మనవి. ఈసారి మీ ఇంట శుభకార్యం జరిగినప్పుడు కార్డు ఎంత అందంగా వేయించినా, కవరు మీద పేరును మీ చేతితో వ్రాయండి. లోపల ఖాళీ ఉన్నచోట తప్పక రమ్మని ఒక్క వరుస మీరే వ్రాయండి. అది వంకరగా ఉన్నా పరవాలేదు. దూరాన ఉన్న మేనత్త ఆ కార్డు తెరిచినప్పుడు బంగారు రంగులో మెరిసే పేర్లను ఒకసారి చూస్తుంది, మీ చేతి వరుసను మాత్రం రెండుసార్లు చదువుకొంటుంది.